ఐదో బటన్

ఫిబ్రవరి 6, 2022, ఆదివారం

నలభై ఆరు టిప్పర్లకూ డబ్బాలు బిగించడం ఈ రోజుతో పూర్తయింది. మెయిన్ కాంట్రాక్టరు రూలు ఇది: ఏ డ్రైవరైనా రోజుకు తొమ్మిది గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదు. మించితే ఆ బండి సైటు గేటు దాటదు. గంటలు లెక్కపెట్టేది డబ్బా. డబ్బా పంపిన లెక్క చూసేది నేను.

పొద్దున పదిమంది డ్రైవర్లు ఆఫీసుకు వచ్చారు. అందరి తరఫునా లింబాద్రి మాట్లాడాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. మాది మెట్‌పల్లి, వాళ్ళది కథలాపూర్ పక్క ఊరు. పదకొండేళ్ళుగా ఇక్కడ దోహాలో బండి నడుపుతున్నాడు, ఒక్క యాక్సిడెంట్ లేదు.

"సారూ, రూలు మంచిదే. మేం వద్దంటలేం. గేటు కాడ లైన్ల ఎంతసేపుంటమో నీకు తెల్వదా? పదడుగులు జరగాలె, ఆగాలె. మల్ల పదడుగులు జరగాలె, ఆగాలె. గదంతా నడిపినట్టే రాసుకుంటదంట డబ్బా. లైన్లనే మా గంటలు ఒడిసిపోతే ఇగ ఇసుక ఎప్పుడు మొయ్యాలె?"

హమీదుద్దీన్ తన కుర్చీలోంచి లేవకుండానే జవాబిచ్చాడు. ఎవరికి ఎన్ని ట్రిప్పులో వేసేది అతనే. హైదరాబాద్ పాతబస్తీ మనిషి.

"డబ్బాకు చెవులు లేవు మియా. చక్రం తిరిగిందా, తిరగలేదా, అంతే. మా బేగం లెక్క. లేటైందా, లేదా అనే అడుగుతది, ఎందుకైందో ఇనదు."

"పేపర్ సారూ," అన్నాడు అంజి వెనక నుంచి. "మరి ఉచ్చకు ఆగితే ఏ బటన్ నొక్కాలె?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పేపర్ వదిలి నాలుగేళ్ళవుతున్నా ఈ పేరు మాత్రం నన్ను వదల్లేదు.

ఫిబ్రవరి 9

డబ్బా తెర మీద ఐదు బటన్లు ఉంటాయి. వాటి పేర్లు హిందీ, ఉర్దూ, మలయాళం, నేపాలీ భాషల్లో ఉన్నాయి, తెలుగులో లేవు. మా దగ్గర తెలుగు డ్రైవర్లు పదిహేడు మంది. పేర్లు తెలుగులో పెట్టివ్వమని మేనేజర్ మెయిల్ పెట్టాడు. ఒక్కో బటన్ మీద ఎనిమిది అక్షరాలకే చోటుంది.

మొదటిది నడుపుతున్నా. రెండోది లోడ్. మూడోది ఆగి ఉన్నా. నాలుగోది విశ్రాంతి. ఐదోది డ్యూటీ అయ్యాక సొంత పనికి బండి తీసుకుపోతే నొక్కేది, ఆస్పత్రికో మెస్‌కో. అది నొక్కి నడిపిన గంటలు లెక్కలోకి రావు. దానికి కాసేపు ఆలోచించి 'ఖాళీ' అని పెట్టాను. డ్యూటీ లేదు, మనిషి ఖాళీ. రెండే అక్షరాలు, చోటు మిగిలింది.

మొత్తం నలభై నిమిషాల పని. నా తెలుగుతో నాలుగేళ్ళ తర్వాత ఎవరికో అవసరం పడింది. ఇంటికి ఫోన్ చేసి నా భార్య సుమలతకు చెప్పాను. "అయితే వార్త మీద పడ్డట్టు డబ్బా మీద మీ బైలైను పడ్డట్టే" అంది.

ఫిబ్రవరి 10

ఇండస్ట్రియల్ ఏరియా యార్డులో ట్రైనింగ్, అరగంట. ట్రైనర్ ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగు చేశాను. నాలుగు బటన్లు చెప్పాక, ఐదోది మీ వాళ్ళకు అవసరం పడదు, వదిలేయండి అన్నాడు. వదిలేశాను.

ఫిబ్రవరి 20

మలయాళీ, నేపాలీ డ్రైవర్లలో ముగ్గురికి ఈ వారం దారిలోనే గంటలు అయిపోయాయి. ఒకతను క్యాంపుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో బండి ఆపి, రోడ్డు పక్కన క్యాబిన్‌లోనే పడుకున్నాడు. క్యాంపు లైట్లు కనిపిస్తూనే ఉన్నాయట. హమీదుద్దీన్ పంపిన మెసేజ్‌లో ఉన్నది ఒకే మాట: మాఫీ. అరబ్బీలో లేదు అని, అంటే కదలడానికి లేదని.

లింబాద్రి సాయంత్రం వచ్చి తన లాగ్ అడిగాడు. చూపించాను. తప్పులేమైనా ఉన్నాయా అని రెండుసార్లు అడిగాడు.

"ఎందుకన్నా అంత భయం?"

"భయం కాదు సారూ. నవంబర్ల ఫుట్‌బాల్ కప్పు గదా. బస్సు డ్రైవర్లను తీసుకుంటున్నరు. హెవీ బస్సు టెస్టు పాసైన మొన్న. ఇగ రికార్డు సాఫుంటే సాలు. పదకొండేండ్లు ఇసుక మోసిన, ఒక్క నెల మనుషులను మోద్దామని. అందుకే డబ్బాల ఒక్క బటన్ తప్పు పోనిస్తలేను. మా వాళ్ళందరికి గూడ నేనే నేర్పిన."

ఏం నేర్పాడో నేను అడగలేదు.

మార్చి 3

తెలుగు డ్రైవర్ల గంటలు తగ్గాయి. రెండు వారాల సగటు ఆరు గంటల యాభై నిమిషాలు. మిగతా వాళ్ళందరూ ఎనిమిదిన్నర దాటి ఉన్నారు. మన వాళ్ళు త్వరగా నేర్చుకున్నారు. మేనేజర్ నా పేరుతో పైకి మెయిల్ పెట్టాడు. సీనియర్ గ్రేడు ఏప్రిల్‌లో ఖాయమన్నాడు. ఆ గ్రేడు వస్తే ఫ్యామిలీ వీసాకు అప్లై చేయవచ్చు. సుమలతకు చెప్పాను. మా అమ్మాయి అమ్ము ఫోన్ లాక్కుని దుబాయ్‌లో స్కూల్‌కి యూనిఫాం ఏ రంగు అని అడిగింది. దుబాయ్ కాదు, దోహా అన్నాను. ఏడేళ్ళ పిల్ల.

మార్చి 11, శుక్రవారం

నజ్మా బస్తీలో చాయ్ దుకాణం. లింబాద్రి, అంజి, నేను. లింబాద్రి బరువు తగ్గాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, డబ్బానేమో గంటలున్నయంటది. నా పానమేమో లేవంటది. ఎవల మాట ఇనాలె?"

"డబ్బా మాట" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"నువ్వు నవ్వుతున్నవు. హమీద్ భాయ్‌కి ఫోన్ జేసి, భాయ్, ఇయ్యాలకు సాలు అంటే, స్క్రీన్ మీద నాలుగు గంటలు బాకీ ఉన్నయ్, యల్లా, ఇంకో ట్రిప్ కొట్టు అంటడు. ఎన్నడు లేంది నాలుగు ట్రిప్పులు పడుతున్నయ్."

ఫోన్లో అతని లాగ్ తీసి చూపించాను. నిన్న నడిపింది ఆరు గంటల నలభై ఐదు నిమిషాలు.

"ఆరా?" అన్నాడు. అంజి వైపు చూశాడు. "నిన్న నేను ఎన్నింటికి లేచిన్రా?"

"రెండింటికి లేచినవ్. నా కాలు తొక్కినవ్ గూడ."

లేచిన టైము, నడిపిన టైము ఒకటి కాదని వివరించాను. లోడింగ్ వేరు, ఆగడం వేరు. అతను వినేంతవరకు విన్నాడు.

"లెక్క నాకు రాదు సారూ. నా నడుముకైతే వస్తది."

ఆ మాట బాగుందనిపించి గుర్తుపెట్టుకుని రాశాను. బాగుందని మాత్రమే.

మార్చి 24, గురువారం

సాయంత్రం 4.10. మిసాయిద్ వైపు రోడ్డు. లింబాద్రి బండి లుసైల్ సైట్‌లో ఇసుక దించి ఖాళీగా తిరిగి వస్తోంది. రోడ్డు దిగి, రోడ్డు అంచున రంగు గీతలు వేస్తున్న వాళ్ళ పికప్‌ను గుద్దింది. పికప్ పక్కన నిలబడ్డ ఒక నేపాలీ కార్మికుడికి కుడికాలు రెండుచోట్ల విరిగింది. లింబాద్రికి నుదుటి మీద తొమ్మిది కుట్లు. బ్రేకు వేసిన గుర్తులు లేవు.

మార్చి 26

పోలీసులు లింబాద్రి లైసెన్స్ తీసుకున్నారు. బస్సు లైసెన్స్ కూడా అందులోనే. ఆస్పత్రిలో నన్ను చూడగానే అతను అడిగింది నేపాలీ మనిషి గురించి. తర్వాత అన్నాడు: "రెప్ప పడ్డది సారూ. ఒక్క రెప్పనే."

ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లాగ్ ప్రకారం ఆ రోజు అతను నడిపింది ఆరు గంటల నలభై నిమిషాలు. కంపెనీ రూలు తప్పలేదు.

చక్రాల లెక్క వేరేగా వస్తుంది. అది ఎవరూ తెరవరు. నేను తెరిచాను. తెల్లవారుజామున రెండున్నర నుంచి బండి కదిలింది పదకొండు గంటల యాభై నిమిషాలు. ఐదు గంటల పది నిమిషాలు తేడా. ఆ ఐదు గంటల పది నిమిషాలూ ఐదో బటన్ నొక్కి ఉంది.

ఒక్క బటన్ తప్పు పోనివ్వను అన్నది ఈ మనిషే. నమ్మించి ట్రిప్పులు కొట్టాడు. అలా అనుకున్నాను. రాసి ఉంచుతున్నాను.

మార్చి 27

మిగతా పదహారు మంది తెలుగు డ్రైవర్ల చక్రాల లెక్క కూడా తెరిచాను. ఫిబ్రవరి పన్నెండు నుంచి నిన్నటి దాకా. అందరూ నొక్కారు. రోజూ నొక్కారు. ఇసుక దించాక నొక్కి, ఇసుక ప్లాంటులో మళ్ళీ లోడ్ అయ్యేదాకా అలాగే ఉంచారు. మలయాళీ, నేపాలీ, పాకిస్తానీ డ్రైవర్లలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

పదిహేడు మంది ఒకే రోజున, ఒకే చోట, ఒకే తీరుగా మోసం మొదలుపెట్టరు. పదమూడేళ్ళు విలేకరి పని చేసిన వాడికి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు.

యార్డుకు వెళ్ళి అంజిని అడిగాను, ఐదో బటన్ ఎప్పుడు నొక్కుతారని.

"అదేం ప్రశ్న సారూ? లోడుంటే లోడ్ నొక్కాలె. దించినంక ఖాళీ నొక్కాలె. బండి ఖాళీ గదా."

"బండి ఖాళీనా?"

"మరి? ఇసుక దించినంక బండి ఖాళీ గాకపోతే నిండుగుంటదా? మీరే గద రాసిండ్రు. లింబాద్రన్న సూడంగనే చెప్పిండు, మన సారు మన మాటనే పెట్టిండు, ఇగ ఎవనికి తిప్పల లేదని."

లోడ్ పక్కన ఖాళీ. ఏ లారీ వాడినైనా అడిగి ఉంటే సరిపోయేది. మెట్‌పల్లి స్టాండ్‌లో పిల్లవాడిని అడిగినా చెప్పేవాడు. నేను గదిలో కూర్చుని నలభై నిమిషాల్లో రాశాను.

మార్చి 24 లెక్క మళ్ళీ వేశాను. ఇసుకతో వెళ్ళడానికి గేటు లైనుతో కలిపి గంటా నలభై. ఖాళీగా రావడానికి గంటా ఇరవై. మూడో ట్రిప్పు ముగిసేసరికి సరిగ్గా తొమ్మిది గంటలు. డబ్బా అక్కడ అతన్ని ఆపేది. నాలుగో ట్రిప్పు ఉండేది కాదు.

మార్చి 28

ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు అన్నీ సరిచూసుకోవాలి. సరిచూసుకోకుండా ఏదీ ఇవ్వకూడదు.

మార్చి 29

సరిచూసుకుంటున్నాను.

మార్చి 30

పోలీసులు ఆ బండి చక్రాల లెక్క అడగడంతో ఐదో బటన్ సంగతి ఆఫీసులో బయటపడింది. ఎంక్వయిరీ అయింది. నలభై నిమిషాలు. డ్రైవర్ సొంత భాషలోనే అడగాలన్నది ప్రాజెక్టు రూలు కాబట్టి నన్ను తర్జుమాకు కూర్చోబెట్టారు. ఐదో బటన్ తానే నొక్కానని లింబాద్రి ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాడు.

ఏప్రిల్ 1, శుక్రవారం

కప్పు డ్రా. ఏ దేశం ఏ గ్రూపులో ఆడాలో చీటీలు తీశారు. నా రూమ్‌లో ఉండే ఇద్దరూ టీవీ ముందు నుంచి లేవలేదు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఎవరో టపాసులు కాల్చారట.

ఎంక్వయిరీలో అడిగింది అడిగినట్టే అడిగాను. అతను నొక్కానన్నాడు. నొక్కాడన్నాను. అది నిజం కాదా?

ఏప్రిల్ 3

పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్ళి, సాఫ్ట్‌వేర్‌లో 'ఖాళీ' తీసేసి 'సొంత పని' అని పెట్టాను. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ పేజీకి పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

పది గంటలకు అంజి ఫోన్. "సారూ, మా ఖాళీ ఏమైంది? ఎవడెత్కపోయిండు?"

దించి వచ్చేటప్పుడు కూడా నడుపుతున్నా నొక్కమన్నాను. కొత్త రూలా అని అడిగాడు. అవునన్నాను.

ఏప్రిల్ 5

తెలుగు డ్రైవర్ల గంటలు రెండు రోజుల్లో పైకి లేచాయి. హమీదుద్దీన్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. రంజాన్ రోజా ఉన్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏం మియా, మొన్నటి దాకా మీవాళ్ళు ఫరిష్తాలు, ఒక్క తప్పు లేదు. ఇప్పుడు మూడో ట్రిప్పుకే పడిపోతున్నరు. ఏం జేసినవ్?"

"రంజాన్ గదా భాయ్, ట్రాఫిక్ మారింది."

అతను నా స్క్రీన్ వైపు వేలు చూపించాడు. "ఆ రోజు నాలుగో ట్రిప్పు నేనే వేసిన, తెలుసా? వద్దన్నడు లింబాద్రి. స్క్రీన్ చూసి వేసిన. నీ స్క్రీన్."

అతనికి ఏమీ తెలియదు. ఊరికే అన్నాడు. అంతే.

ఏప్రిల్ 7

మార్చి ముప్పై నాడు రాసింది మళ్ళీ చదివాను. అందులో అబద్ధం లేదు. ఒక వాక్యం తక్కువ ఉంది.

జరిగింది ఇది. గదిలో నలుగురం. హెచ్.ఆర్. మేనేజరు ఈజిప్ట్ మనిషి, పక్కన కాగితాలు రాసుకునే అమ్మాయి, లింబాద్రి, నేను. బండి కదులుతుండగా ఐదో బటన్ నొక్కావా అని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగు చేశాను.

"అన్నా, బండి నడుస్తున్నప్పుడు ఖాళీ నొక్కినవా?"

లింబాద్రి చెప్పింది: "నొక్కిన. బండి ఖాళీగనే ఉండె గద సారూ, ఖాళీ గాక ఇంకేం నొక్కాలె?"

నేను ఇంగ్లీషులో చెప్పింది: అవును, నొక్కాడట.

మేనేజరు తల ఎత్తాడు. అతను ఇంకా ఏదో చెప్పినట్టుందే అన్నాడు.

లేదు, అంతే అన్నాను.

లింబాద్రి రెండు వాక్యాలు చెప్పాడు. నేను ఒకటే అందించాను. రెండోది అందించి ఉంటే, ఎందుకు అలా అనుకున్నాడని తర్వాతి ప్రశ్న వచ్చేది. దానికి జవాబు నేను.

పేపర్లో ఉండగా మాట విరిచి రాసిన వాళ్ళను ఎందరినో తప్పుపట్టాను. ఎదుటి మనిషి మాటలో సగం వదిలేయడం కన్నా మొత్తం రాయకపోవడం నయం అని జూనియర్లకు చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆ గదిలో నా మనసులో ఉన్నది అమ్ము యూనిఫాం రంగు. అది కారణమే, సాకు కాదు అని రాయబోయాను. కారణానికీ సాకుకీ తేడా ఏమిటో తెలియక ఆపాను.

ఏప్రిల్ 8, శుక్రవారం

క్యాంపుకు వెళ్ళాను. లింబాద్రి బయట అరుగు మీద కూర్చుని పెట్టెకు తాడు కడుతున్నాడు. పద్నాలుగో తారీఖు టికెట్. పోలీసు కేసు జరిమానాతో ముగిసింది, లైసెన్స్ తిరిగి ఇచ్చారు. కాని కంపెనీ కాగితం మీద 'డబ్బాను మోసపూరితంగా వాడినందుకు తొలగించడమైనది' అని ఉంది. ఆ కాగితంతో ఈ దేశంలో ఇంకెవరూ బండి ఇవ్వరు, బస్సు మాట దేవుడెరుగు.

నన్ను చూసి లేచాడు. "రా సారూ. నువ్వుంటివి గాబట్టి జైలు తప్పింది. నా మాట వాళ్ళకు జెప్పినవ్."

చెప్పాను. బటన్ సంగతి మొత్తం. ఇంగ్లీషులో ఏముందో, నేను ఏం పెట్టానో, వాళ్ళు ఏం అనుకున్నారో. తాడు ముడి చేతిలో పట్టుకునే విన్నాడు. అంజి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అంటే," అన్నాడు లింబాద్రి, "నా గంటలు నిజంగనే అయిపోయినయ్ ఆ రోజు."

"అయిపోయాయి."

"నా పానం చెప్పింది నిజమే."

"నిజమే."

"నజ్మాల నీకు చెప్పిన గద."

"చెప్పినవ్."

"పదిహేను రోజులాయె నిద్ర లేక. డబ్బా ఆరు గంటలే అంటున్నది, మరి నేనెట్ల పండుకున్న స్టీరింగ్ మీద, ఏం రోగమొచ్చింది నాకని. ఇంటికాడ మా విజయరాణికి గూడ చెప్పిన, నేను ముసలోన్నైన, బండికి పనికి రానని." ముడి వదిలేశాడు. "మరి ఎంక్వయిరీల చెప్పిన గదా, బండి ఖాళీ ఉండె అని. దానికి ఆ సారు ఏమన్నడు?"

ఏమీ అనలేదన్నాను. అది నిజమే. చేరని మాటకు ఎవరు ఏమంటారు.

"రాసియ్యి" అన్నాడు.

"ఏంది?"

"ఇప్పుడు నాకు చెప్పింది. ఇంగ్లీషుల రాసియ్యి. పేపర్ సారువి గదా."

అంజి అన్నాడు: "అన్నా, టికెట్ చేతుల ఉన్నది. సప్పుడు జేయకుండ పో. రాస్తే మల్ల ఆపుతరు."

"ఆపనియ్. దొంగ అన్న కాయితం పట్టుకొని ఊళ్ళె దిగాలెనా? నువ్వు దిగుతవా?"

నేపాలీ మనిషి పేరు కూడా లింబాద్రే చెప్పాడు. ధన్ బహదూర్, ఇరవై తొమ్మిదేళ్ళు. రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడట. నేను ఆ పేరు కనుక్కోలేదు. రెండు వారాలు లెక్కలన్నీ చూశాను, పేరు కనుక్కోలేదు.

ఏప్రిల్ 10

రాయలేదు. ఆఫీసులో పని ఎక్కువ.

ఏప్రిల్ 11

సీనియర్ గ్రేడు లెటరు వచ్చింది. సుమలతకు ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 12

రాసి ఇచ్చాను. ఒకటిన్నర పేజీ. ఐదో బటన్ పేరు పెట్టింది నేను, ట్రైనింగ్‌లో దాని గురించి చెప్పనిది నేను, పదిహేడు మందీ అదే తప్పు చేశారు, లెక్కలు జతచేశాను. అన్నీ ఉన్నాయి. మార్చి ముప్పై నాటి తర్జుమా గురించి లేదు.

ఏప్రిల్ 13

ఎంక్వయిరీ తిరిగి తెరుస్తామని హెచ్.ఆర్. వాళ్ళు అన్నారు, కాని రంజాన్ అయ్యాకే. అందాకా లింబాద్రి డ్యూటీ లేకుండా క్యాంపులో ఉండాలి. ఉంటే ఉండవచ్చు, పోతే రేపు టికెట్ ఉంది.

లింబాద్రి ఉంటానన్నాడు. ఒక్క షరతు పెట్టాడట, ఈసారి తర్జుమాకు వేరే మనిషి కావాలని.

ఎందుకని ఆఫీసులో ఎవరూ నన్ను అడగలేదు. నేనూ లింబాద్రిని అడగలేదు.

ఏప్రిల్ 26

ఏమీ లేదు. గేటు దగ్గర లైను ఇంకా పెరిగింది. అంజికి మెస్ ఎదురుగానే గంటలు అయిపోయి, బండి అక్కడే ఆపి నడిచి వెళ్ళాడు. సారూ, డబ్బా నన్ను ఇంటి ముందర దించిపోయింది, ఆటో లెక్క అన్నాడు.

మే 9, సోమవారం

రెండో ఎంక్వయిరీ. తర్జుమాకు వచ్చినావిడ పేరు వహీదా. హైదరాబాద్ మనిషి, ప్రాజెక్టు వాళ్ళ కార్మిక సంక్షేమం ఆఫీసులో పని. కూర్చోగానే లింబాద్రితో అంది: "అన్నా, మీరు ఏం చెప్పినా చెప్తాను. దగ్గినా చెప్తాను. తిట్టినా చెప్తాను, చూసుకుని తిట్టండి." గది మొత్తంలో నవ్వినవాడు లింబాద్రి ఒక్కడే.

నన్ను సాక్షిగా అతనికి ఎదురుగా కూర్చోబెట్టారు.

హెచ్.ఆర్. మేనేజరు నా కాగితం చదివాడు. పేరు గందరగోళంగా ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత అన్నాడు: అయితే అమాయకంగా నొక్కిన మనిషి మొదటి రోజే ఆ మాట చెప్పాలి. ఇతను చెప్పలేదు. నొక్కానని మాత్రం అన్నాడు. సంతకం ఉంది. ఇప్పుడు కాగితం వచ్చాక కొత్త కారణం చెబుతున్నాడు.

వహీదా తెలుగు చేసింది.

"నేను చెప్పిన" అన్నాడు లింబాద్రి. "ఆ రోజే చెప్పిన. బండి ఖాళీగనే ఉండె, ఖాళీ గాక ఇంకేం నొక్కాలె అన్న. ఇదే మాట."

వహీదా ఇంగ్లీషు చేసింది. రెండు వాక్యాలూ.

మేనేజరు నా వైపు తిరిగాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ రోజు ఏసీ శబ్దం ఎక్కువగా ఉంది, మీకు వినపడకపోయి ఉండవచ్చు, అలా అయితే మీ తప్పేం లేదు అన్నాడు. కాని మీకు వినపడలేదంటే, ఇది అతను తర్వాత చేర్చుకున్న మాటగానే నేను రాసుకోవాలి. వినపడిందా?

వహీదా అది కూడా తెలుగు చేసింది, లింబాద్రి కోసం. ఆవిడ ఆపాక మేనేజరూ లింబాద్రీ ఇద్దరూ నన్నే చూశారు. లింబాద్రి ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు.

"వినపడింది" అన్నాను.

ముందు తెలుగులో అన్నాను. తర్వాత ఇంగ్లీషులో.

బయట కారిడార్‌లో నేను అతని పక్కకు వెళ్ళాను. సారూ అనలేదు. "తిరుమలూ," అన్నాడు, మొదటిసారి పేరు పెట్టి. "ఆ రోజే అంటే ఏం బోయేది?"

మే 12

గ్రేడు వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం తీయలేదు. సుమలతకు మొత్తం చెప్పాను. తర్వాత, లింబాద్రి వాళ్ళ ఇంటి నంబర్ ఉందా, విజయరాణితో నేను మాట్లాడతాను అంది.

మే 17

లింబాద్రికి కొత్త కాగితం ఇచ్చారు. పాత ఆరోపణ రద్దు, తప్పు డ్రైవర్‌ది కాదు అని నాలుగు వరుసలు. అది ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, టాక్సీ మాట్లాడుకుని అల్ సద్‌లో బస్సు డ్రైవర్లను తీసుకునే ఆఫీసుకు వెళ్ళాడు. అంజి వెంట వెళ్ళాడు. అక్కడి మనిషి కాగితం పూర్తిగా చదివి, రికార్డు బాగుంది, లైసెన్స్ బాగుంది అన్నాడట. జాబితా మాత్రం ఏప్రిల్ ముప్పైన మూసేశారు.

నాకు నిజం తెలిసిన మార్చి ఇరవై ఏడు నుంచి ఏప్రిల్ ముప్పైకి ముప్పై నాలుగు రోజులు.